జనవరి 26 మీద పిల్లలతో డిబేట్ పెట్టించాలంటే

"ఆస్ట్రేలియా తన జాతీయ దినాన్ని జనవరి 26 నుంచి వేరే తేదీకి మార్చుకోవాలా?" డిగ్రీ పిల్లలతో నేను చేయించే డిబేట్లలో నాకు బాగా ఇష్టమైన టాపిక్ ఇది. చరిత్ర పాఠం చెప్పే లెక్చరర్లకు, కాలేజీ డిబేట్ క్లబ్బులు నడిపే సీనియర్ పిల్లలకు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ హాల్లో శనివారం పూట నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించే తల్లిదండ్రులకు పనికొస్తుందని, నేను ఎలా చేయిస్తానో ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఈ టాపిక్ ఎందుకని అడిగేవాళ్లుంటారు. మా ఎంవీపీ కాలనీలో ఏ వీధిలో చూసినా మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొడుకో కూతురో ఉన్న ఇల్లు కనిపిస్తుంది. ద్వారకానగర్‌లో ఐఈఎల్టీఎస్ కోచింగ్‌కి వెళ్లే పిల్లల్లో కొంతమంది రేపు అక్కడ చదువుకుంటారు, ఎల్లుండి అక్కడి పౌరులవుతారు. ఆ పౌరసత్వ ప్రమాణం వేలమందికి జనవరి 26నే జరుగుతుంది. మనకు ఆ రోజంటే స్కూల్లో జెండా, చేతిలో చాక్లెట్. అదే రోజున అక్కడ కొందరు ఎందుకు నల్లబట్టలు కట్టుకుని రోడ్డెక్కుతున్నారో తెలియకుండా మన పిల్లలు ఆ దేశానికి వెళ్లకూడదని నా పట్టుదల.

మొదట ప్రశ్న సరిగ్గా రాయండి

"ఆస్ట్రేలియా డే మంచిదా, చెడ్డదా?" అని పెడితే ఆ గంటంతా వృథా. ఒక వైపు వాళ్లు దేశభక్తి అంటారు, రెండో వైపు వాళ్లు దోపిడీ అంటారు, ఒకరి మాట ఒకరికి తగలనే తగలదు. "మార్చాలి" అని తీర్మానంలా రాసి పెట్టండి. చర్చ తేదీ మీద నిలబడుతుంది.

ఇందులో రెండు పక్షాలు సరిపోవు, మూడు కావాలి. తేదీ మార్చాలనేవాళ్లు, ఉంచాలనేవాళ్లు మాత్రమే ఉన్నారనుకుంటే పొరపాటు. అక్కడి ఆదివాసుల్లోనే చాలామంది "తేదీ మారిస్తే ఏమొస్తుంది? మాతో ఒప్పందం చేసుకోండి, భూమి సంగతి తేల్చండి, అప్పటిదాకా అసలు పండగే వద్దు" అంటారు. వాళ్లలోనే "26 ఉండనివ్వండి, ముందు మా పిల్లల చదువు, ఆరోగ్యం చూడండి" అనేవాళ్లూ ఉన్నారు. అందుకే నేను మూడు బెంచీలు వేయిస్తాను: మార్చాలి, ఉంచాలి, అసలు వద్దు. మూడో బెంచీ లేకపోతే పిల్లలు ఆదివాసులంతా ఒకే మాట మీద ఉంటారనుకుని ఇంటికెళ్తారు. అంతకంటే పెద్ద అన్యాయం లేదు.

ఒక్క పేజీ తేదీలు

డిబేట్‌కి వారం ముందు అందరి చేతిలో ఒకే కాగితం పెట్టండి. వాదనలేవీ ఉండకూడదు, జరిగినవి మాత్రమే ఉండాలి. నా కాగితం ఇలా నడుస్తుంది.

1788 జనవరి 26న కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా ఎగరేశాడు. 11 ఓడల్లో వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది శిక్ష పడ్డ ఖైదీలు, వాళ్లకు కాపలాగా వచ్చిన సైనికులు. ఆ నేల గాడిగల్ జనానిది. ఏడాది తిరగ్గానే, 1789లో, మశూచి సోకి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసులు కుప్పలుగా చనిపోయారు. తర్వాత కాల్పులు. ఇవేవో రెండు వందల ఏళ్ల కిందటి సంగతులని పిల్లలు అనుకుంటారు కాబట్టి కాగితంలో 1928 కూడా పెడతాను. ఆ ఏడాది నార్తర్న్ టెరిటరీలో కోనిస్టన్ దగ్గర పోలీసు దళం ఆదివాసుల్ని వేటాడి చంపింది. ప్రభుత్వ లెక్కే 31 మంది, అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువని చరిత్రకారులు అంటారు.

1818లో గవర్నర్ మెక్వారీ ముప్పయ్యో వార్షికోత్సవానికి 30 తుపాకులు పేల్పించి మొదటిసారి సర్కారీ పండగ చేశాడు. అయితే అది న్యూ సౌత్ వేల్స్ పండగ. మిగతా కాలనీలకు వాటి వాటి రోజులుండేవి. అవన్నీ కలిసి ఆస్ట్రేలియా అనే ఒక దేశమైంది 1901 జనవరి 1న. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1915లో, గాయపడ్డ సైనికుల కోసం చందాలు పోగుచేయడానికి "ఆస్ట్రేలియా డే" జరిపింది జులై 30న. అన్ని రాష్ట్రాలూ ఆ పేరుతో జనవరి 26ని ఒప్పుకున్నది 1935 నాటికి. దేశమంతా సరిగ్గా అదే తేదీన సెలవు పాటించడం 1994 నుంచి. ఈ చివరి సంగతి చదివినప్పుడు ఏ బ్యాచ్ పిల్లలైనా తలెత్తి చూస్తారు. అనాదిగా ఉందనుకున్న పండగ, ఇప్పటి రూపంలో, వాళ్ల అమ్మానాన్నల కంటే చిన్నది.

ఇక 1938. దీనికి మాత్రం పది నిమిషాలు కేటాయించి మీరే నోటితో చెప్పండి. ఓడలొచ్చి 150 ఏళ్లయిందని సిడ్నీలో పెద్ద ఊరేగింపు పెట్టారు. ఫిలిప్ దిగిన దృశ్యాన్ని మళ్లీ ఆడించారు. అందులో నటించడానికి పశ్చిమాన ఎక్కడో ఉన్న మెనిండీ నుంచి ఆదివాసుల్ని తీసుకొచ్చి, సిడ్నీ వాళ్లతో కలవకుండా రెడ్‌ఫర్న్ పోలీసు బ్యారక్స్‌లో ఉంచారు. తెల్లవాళ్లను చూసి భయపడి పారిపోతున్నట్టు వాళ్ల చేత పరుగెత్తించారు. అదే రోజు, అదే ఊళ్లో, ఎలిజబెత్ స్ట్రీట్‌లోని ఆస్ట్రేలియన్ హాల్‌లో జాక్ ప్యాటెన్, విలియం ఫెర్గూసన్, విలియం కూపర్ లాంటి నాయకులు సంతాప దినం పాటించారు. ఆదివాసులకు మాత్రమే ప్రవేశం. హాల్లోకి వెనక గుమ్మం నుంచి వెళ్లమన్నారు, వెళ్లారు. లోపల కూర్చుని, పూర్తి పౌరహక్కులు కావాలని తీర్మానం చేశారు. ఈ గొడవంతా నిన్నమొన్న సోషల్ మీడియాలో పుట్టిందనే పిల్లలకు నా జవాబు ఈ హాలే.

మిగతావి ఒక్కో వాక్యంలో చాలు. 1949 జనవరి 26న ఆస్ట్రేలియా పౌరసత్వం అనేది చట్టప్రకారం అమల్లోకి వచ్చింది. 1972లో అదే తేదీన కాన్‌బెరా పార్లమెంటు ముందు ఆదివాసులు టెంట్ ఎంబసీ అనే నిరసన శిబిరం వేశారు. 1988లో రెండు వందల ఏళ్ల ఉత్సవాలప్పుడు సిడ్నీలో వేలాదిమంది నిరసన ఊరేగింపు తీశారు. ఆ నేల ఎవరిదీ కాదన్న పాత వాదాన్ని 1992 జూన్ 3న మాబో కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వాలు తల్లుల దగ్గర నుంచి లాక్కెళ్లిన ఆదివాసీ పిల్లల విషయంలో 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2023 అక్టోబర్ 14న ఆదివాసులకు పార్లమెంటుకు సలహా చెప్పే ఒక గొంతు ఉండాలని పెట్టిన రెఫరెండంలో దాదాపు 60 శాతం మంది వద్దన్నారు.

మన ఇంటి నుంచి మొదలుపెట్టండి

డిబేట్ రోజున నేరుగా ఆస్ట్రేలియాకి వెళ్లొద్దు. "మన రాష్ట్రం పుట్టినరోజు ఎప్పుడు?" అని అడగండి. హాల్లో గోల మొదలవుతుంది. ఒకరు 1953 అక్టోబర్ 1 అంటారు, పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత కర్నూలు రాజధానిగా వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. ఇంకొకరు 1956 నవంబర్ 1 అంటారు. ఒక మూల నుంచి 2014 జూన్ 2 అని వినిపిస్తుంది. విభజన తర్వాత ప్రభుత్వం జూన్ 2న నవనిర్మాణ దీక్ష పెట్టింది. 2019లో వచ్చిన ప్రభుత్వం మళ్లీ నవంబర్ 1కి వెళ్లింది. తేదీలు ఆకాశం నుంచి ఊడిపడవని, మనుషులు ఎంచుకుంటారని, మార్చుకుంటారని ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

అప్పుడు రెండో ప్రశ్న వేయండి. నవంబర్ 1ని మనం రాష్ట్ర అవతరణ దినంగా జరుపుకుంటున్న రోజుల్లో, అదే రోజును తెలంగాణ ఉద్యమకారులు విద్రోహ దినంగా పాటించి నల్లజెండాలు ఎగరేసేవాళ్లు. ఇప్పుడు జూన్ 2 హైదరాబాద్‌లో పండగ, మన వైపు చాలామందికి గుచ్చుకునే రోజు. ఒకే తేదీ రెండు ఇళ్లలో రెండు రకాలుగా ఉండటం మన పిల్లలకు పుస్తకంలో చదవాల్సిన సంగతి కాదు, వాళ్ల ఇళ్లలో మాట్లాడుకున్నదే. దీన్ని పట్టుకుంటే సిడ్నీలో ఏం జరుగుతోందో సగం అర్థమవుతుంది.

సగమే. మిగతా సగం దగ్గర మీరు గట్టిగా నిలబడాలి. ఆంధ్ర, తెలంగాణ గొడవలో ఎవరి జాతీ తుడిచిపెట్టుకుపోలేదు. అలాగే "మనల్నీ బ్రిటిష్ వాళ్లే ఏలారు, మనం మర్చిపోయి ముందుకెళ్లలేదా?" అని కచ్చితంగా ఒక అబ్బాయి లేస్తాడు. బ్రిటిష్ వాళ్లు ఇక్కడి నుంచి వెళ్లిపోయారు. వెళ్లిపోయిన రోజును మనం పండగ చేసుకుంటున్నాం. అక్కడ వాళ్లు వచ్చిన రోజు పండగైంది. వచ్చినవాళ్లు వెళ్లలేదు, వాళ్లే దేశమయ్యారు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆదివాసులు 3.2 శాతం. ఓట్లతో గెలవలేని సంఖ్య అది. మిగతా దాదాపు 97 శాతం మంది మనసు పెడితే తప్ప తేదీ మారదు. ఈ తేడా బోర్డు మీద రాసి ఉంచండి, డిబేట్ అయ్యేదాకా చెరపొద్దు.

మన ఏజెన్సీని తలుచుకుంటే ఇంకా దగ్గరగా అర్థమవుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవిలో తిరగడం మీద ఆంక్షలు పెట్టింది. ఆ కడుపుమంటలోంచే అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. ఆ అటవీ చట్టం వచ్చిన రోజున చింతపల్లిలో జెండా ఎగరేసి స్వీట్లు పంచితే ఎలా ఉంటుందని అడగండి. జవాబు చెప్పమని ఒత్తిడి చేయొద్దు.

చీటీలు

ఎవరు ఏ బెంచీలో కూర్చోవాలో చీటీ తీసి తేల్చండి. ఇష్టమైన వైపు ఎంచుకోమంటే అందరూ "మార్చాలి" బెంచీలోనే కూర్చుంటారు, వాళ్లకు తెలియనిది ఒక్కటీ నేర్చుకోరు. అయితే ఒక మినహాయింపు పెట్టండి: చీటీ తీశాక ఎవరైనా కారణం చెప్పకుండా ఒకసారి బెంచీ మారొచ్చు. బాధపడిన సమాజం నుంచి వచ్చిన పిల్ల చేత ఆ బాధే లేదని బలవంతంగా వాదింపజేయడం చదువు కాదు.

ఒక బ్యాచ్‌లో పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉండి చదువుకునే అమ్మాయి ఉండేది. చీటీలో ఆమెకు "ఉంచాలి" వచ్చింది. మారతావా అమ్మా అని పక్కకి పిలిచి అడిగాను. చీటీని రెండు మడతలు పెట్టి చున్నీ కొసకు ముడేసుకుంటూ "వద్దు మేడమ్, నాకు దీంట్లో ఒక పాయింట్ కనిపిస్తోంది" అంది. ఆ రోజు ఆమె లేచి 1938 హాల్ గురించే మాట్లాడింది. సంతాపానికి వాళ్లు ఆ తేదీనే ఎందుకు పట్టుకున్నారు, 1972లో టెంట్ ఆ తేదీనే ఎందుకు వేశారు అని అడిగింది. పండగను మే నెలకో మార్చి నెలకో జరిపేస్తే జనవరి 26 ఉత్త సోమవారమో మంగళవారమో అయిపోతుంది, అప్పుడు ఆ రోజు జరిగింది ఏడాదికొకసారైనా టీవీలో ఎవరు చెబుతారు, తేదీ అక్కడే ఉండాలి, కాకపోతే అది పండగలా కాకుండా అందరూ నిజం వినే రోజులా ఉండాలి అని వాదించింది. ఎదుటి బెంచీ కాసేపు నోరు మెదపలేదు. పాడేరులో ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చూసి పెరిగిన పిల్ల కాబట్టి, ఒక రోజు అంటూ ఉండటం ఎంత బలమో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. "ఉంచాలి" బెంచీ అంటే మొండివాళ్ల బెంచీ అనుకునే పిల్లలకు ఇలాంటి వాదన ఒకటి వినిపించాలి. మీ బ్యాచ్‌లో ఎవరికీ తట్టకపోతే మీరే అందించండి.

మూడు బెంచీలకూ సామాను

"ఉంచాలి" వైపు వాళ్లకు 1949 పౌరసత్వం ఉంది. వలస వచ్చిన లక్షలమందికి ఆ తేదీ ప్రమాణం చేసిన రోజు, వాళ్లకు అది ఫిలిప్ రోజు కాదు. సర్వేల్లో ఉంచాలనేవాళ్లే ఎక్కువగా కనిపిస్తుంటారు. మన అనుభవం కూడా వాళ్లకు ఒక ఆయుధం. 1947లో ఆగస్టు 15ని ఎంచుకున్నది మౌంట్‌బాటన్, జపాన్ లొంగిపోయి రెండేళ్లయిన రోజని. పరాయివాడు ఎంచిన తేదీని మనం మనది చేసుకోలేదా అని అడగొచ్చు.

"మార్చాలి" వైపు వాళ్లు కూడా మన దగ్గరి నుంచే తీసుకోవచ్చు. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26న, అమల్లోకి తెచ్చింది 1950 జనవరి 26న. ఎందుకు ఆగారు? 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్ ప్రతిజ్ఞ చేశారు కాబట్టి. అంటే మనవాళ్లు తమ పోరాటంలోంచి తేదీ తీసి దేశానికి పెట్టారు. అక్కడివాళ్లు అలా తీయడానికి తేదీలు లేవా? ఆదివాసుల్ని జనాభా లెక్కల్లో చేర్చుకోవడానికి 90 శాతానికి పైగా జనం ఓటేసిన 1967 మే 27 ఉంది, మాబో తీర్పు వచ్చిన జూన్ 3 ఉంది, మొదటి పార్లమెంటు మొదలైన 1901 మే 9 ఉంది. దేశం ఏర్పడ్డ జనవరి 1 అన్నిటికంటే సరైనదే, కానీ కొత్త సంవత్సరం సెలవు దాన్ని మింగేస్తుంది. ఈ ఒక్కో తేదీ మీద ఎదుటి బెంచీ చేత ప్రశ్నలు వేయించండి, సరదాగా సాగుతుంది. తేదీ మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదని కూడా చెప్పండి. అది రెఫరెండం పెట్టి తేల్చాల్సిన విషయమని పిల్లలు పొరబడతారు.

"అసలు వద్దు" బెంచీకి సామాను తక్కువ ఇచ్చినా వాళ్లే రాణిస్తారు. 2023 రెఫరెండం ఒక్కటి చాలు: సలహా చెప్పే గొంతు కూడా వద్దన్న దేశంలో తేదీ మారిస్తే ఏమొస్తుందని అడగొచ్చు.

ఒక్క నియమం మాత్రం సడలించొద్దు. ఎదుటివాడి మాటను ఖండించే ముందు దాన్ని తిరిగి చెప్పాలి. ఎదుటివాడు "అవును, నేనన్నది ఇదే" అనేదాకా ఖండించడానికి వీల్లేదు. ఇరవై మార్కుల్లో పది దీనికే ఇస్తాను. గొంతు పెద్దది చేసినందుకు మార్కులుండవు. టెన్షన్‌తో తడబడినవాళ్లకు కోత ఉండదు.

తల్లిదండ్రులు అడిగితే

"వీసా మీద వెళ్లేవాడికి ఆ దేశం గొడవలెందుకండీ, చదువుకుని ఉద్యోగం చేసుకోవాలి గానీ" అని కొందరు నాన్నలు అంటారు. వాళ్లకు 2017 సంగతి చెప్పండి. మెల్‌బోర్న్‌లో యారా, డేర్‌బిన్ అనే రెండు స్థానిక కౌన్సిళ్లు జనవరి 26న పౌరసత్వ ప్రమాణాలు చేయించం అన్నాయి. కేంద్రం వెంటనే అసలు ప్రమాణాలు చేయించే అధికారాన్నే వాటి నుంచి తీసేసింది. 2022 డిసెంబర్‌లో వచ్చిన మార్పుతో కౌన్సిళ్లు ఆ తేదీకి మూడు రోజులు అటూ ఇటూగా పెట్టుకోవచ్చు. అంటే ఈ వాదన నడుస్తున్నదే కొత్తగా పౌరులయ్యేవాళ్ల ప్రమాణం చుట్టూ. మీ అబ్బాయికి రేపొచ్చే ఉత్తరంలో ఒక తేదీ ఉంటుంది. పక్క డెస్క్ అమ్మాయి ఆ రోజు ఊరేగింపుకి వెళ్తుంది. ఆమెతో ఏం మాట్లాడాలో వాడికి తెలిసి ఉండాలి.

మీ అభిప్రాయం ఎప్పుడు చెప్పాలి

అడక్కముందు చెప్పొద్దు. లెక్చరర్ ఏ వైపుందో తెలిస్తే పిల్లలంతా అటే వాలిపోతారు. అంతా అయ్యాక అడిగితే దాచొద్దు కూడా. నేనైతే మార్చాలనే అంటాను. దేశం మొత్తాన్ని కలిసి రమ్మని పిలిచే రోజు, ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉన్నవాళ్లు గుమ్మం బయట నిలబడి ఏడవాల్సిన రోజు కాకూడదు. కొత్త తేదీని కూడా ఎవరో నిర్ణయించి వాళ్ల చేతిలో పెట్టకూడదు, వాళ్లతో కూర్చుని తేల్చాలి. పాడేరు అమ్మాయి వాదన తర్వాత దానికి ఇంకొకటి చేర్చాను: పండగ వెళ్లిపోయినా జనవరి 26 క్యాలెండర్‌లో స్మారక దినంగా మిగలాలి.

చివర్లో చేతులెత్తించి ఓటింగ్ పెట్టొద్దు. ప్రతి ఒక్కరికీ చిన్న కాగితం ఇచ్చి, ఎదుటి బెంచీ అన్న మాటల్లో తాము జవాబు చెప్పలేకపోయిన ఒక్క మాట రాయమనండి. పేర్లు అక్కర్లేదు. అవన్నీ పోగేసి బోర్డుకు అంటించి, ఎక్కువమంది రాసిన రెండు మూడింటికి జవాబులు వెతుక్కు రమ్మని ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికో, ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకో పంపండి. తర్వాతి శనివారం అక్కడి నుంచే మొదలుపెట్టండి. అందుకే హాలు బుక్ చేసేటప్పుడు వరుసగా రెండు శనివారాలకు అడగండి, అదీ జనవరి మొదట్లో, సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊళ్లకు బస్సెక్కకముందే.